గ్లాసు నుంచి గ్రాముల దాకా: వంటింటి కొలతలను తూకంలోకి మార్చుకునే పద్ధతి

వంటనూనె ప్యాకెట్‌ను ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. 1 లీటరు అని రాసి ఉంటుంది, దాని పక్కనే 910 గ్రాములు అని ఉంటుంది. మా పక్కింటి పిన్నిగారు మొదటిసారి ఇది గమనించిన రోజు కిరాణా కొట్టుకు వెళ్ళి, "మిగతా 90 గ్రాములు ఎవరు తిన్నారు?" అని నిలదీశారు. ఎవరూ తినలేదు. నూనె నీళ్ళకంటే తేలిక. లీటరు పాత్రలో నీళ్ళు పోస్తే కిలో తూగుతాయి, అదే పాత్రలో నూనె పోస్తే 910 గ్రాములే తూగుతుంది. సాంబారు మీద నూనె తేలేది కూడా ఇందుకే.

వేడెక్కితే నూనె ఇంకొంచెం వ్యాకోచిస్తుంది. అంటే వేడి నూనెతో లీటరు ప్యాకెట్ నింపితే అందులో పట్టే బరువు ఇంకా తగ్గుతుంది. కొందరు తయారీదారులు ప్యాకెట్ మీద 60 డిగ్రీల వేడి దగ్గరి పరిమాణం అని రాసుకునేవారు. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఆ వేడి ప్రస్తావన తీసేసి, పరిమాణంతో పాటు సరైన బరువు కూడా రాయాలని చెప్పింది. పిన్నిగారి కంట పడిన సంఖ్య అదే.

తెలుగులో ఈ తేడా మాటల్లోనే ఉంది. బియ్యం కొలుస్తాం, బెల్లం తూస్తాం. కొలత అంటే ఎంత చోటు పట్టింది, తూకం అంటే ఎంత బరువుంది. వంట చెప్పేవాళ్ళు మాత్రం రెండింటినీ కలిపేస్తారు: "గ్లాసు మినప్పప్పు, అర కిలో రవ్వ, పావు కిలో బెల్లం, రెండు గరిటెల నెయ్యి." వినడానికి బాగానే ఉంటుంది. చేసేవాళ్ళకు తెలుస్తుంది ఇబ్బంది. ఒకదాన్నుంచి మరొకదానికి మారడానికి మీ ఇంటి లెక్క మీరే ఎలా తయారు చేసుకోవాలో ఇక్కడ చెబుతాను. ఒక ఆదివారం మధ్యాహ్నం గంటన్నర కూర్చుంటే చాలు, మళ్ళీ మళ్ళీ చేయాల్సిన పని కాదు.

ముందుగా: అసలు మార్చాల్సిన అవసరం ఉందా?

అన్నీ ఒకే గ్లాసుతో కొలిచే వంట అయితే మార్చకండి. ఉప్మాకు గ్లాసు రవ్వకు మూడు గ్లాసుల నీళ్ళు అంటే మీ గ్లాసు చిన్నదైనా పెద్దదైనా ఉప్మా మారదు. గ్రాముల్లోకి తీసుకెళ్ళి లెక్క వేయడం అక్కడ దండగ.

అవసరం వచ్చేది మూడు సందర్భాల్లో. ఒకటి, కొన్ని సరుకులు కొలతతో, కొన్ని తూకంతో చెప్పినప్పుడు. రెండు, కొట్లో ఎంత కొనాలో తేల్చుకోవాల్సినప్పుడు. మూడు, మీ వంటను వేరే ఊళ్ళో, వేరే గ్లాసుతో ఇంకొకరు చేయాల్సినప్పుడు. మా చెల్లెలు డల్లాస్‌లో ఉంటుంది. నాకు ఈ లెక్కల పిచ్చి పట్టింది దాని ఆవకాయ వల్లనే, ఆ కథ చివర్లో చెబుతాను.

మొదటి మెట్టు: మీ గ్లాసు ఎంత?

స్టీలు గ్లాసు అని అందరం అంటాం కానీ ఇంట్లో ఉన్న నాలుగు రకాల గ్లాసులూ నాలుగు పరిమాణాల్లో ఉంటాయి. కాఫీ గ్లాసు వేరు, మంచినీళ్ళ గ్లాసు వేరు. వాటిలో ఒకదాన్ని ఎంచుకుని, ఇకపై కొలతకు అదే అని తీర్మానించుకోండి. అడుగున మేకుతో చిన్న గుర్తు గీయండి. లేకపోతే చుట్టాలు వచ్చిన రోజు అది మంచినీళ్ళతో హాల్లోకి వెళ్ళిపోతుంది.

ఇప్పుడు కాటా తీయండి. వంటింటి డిజిటల్ కాటా ఒక గ్రాము దాకా చూపించేది సరిపోతుంది. గట్టిగా, సమంగా ఉన్న గట్టు మీద పెట్టండి. కింద గుడ్డ ఉంటే తూకం తప్పుతుంది. ఖాళీ గ్లాసు పెట్టి, టేర్ అని రాసి ఉన్న మీట నొక్కండి. సున్నా చూపిస్తుంది. అంటే గ్లాసు బరువును పక్కన పెట్టేసింది. ఇప్పుడు అంచు దాకా నీళ్ళు పోయండి. ఎన్ని గ్రాములు చూపిస్తే మీ గ్లాసు అన్ని మిల్లీలీటర్లు. 1 మి.లీ. నీళ్ళు 1 గ్రాము. వంటింటికి ఈ లెక్క చాలు.

మా గ్లాసు 200 మి.లీ. వచ్చింది. కింది లెక్కలన్నీ దాంతోనే వేస్తాను. మీది 180 వచ్చినా, 220 వచ్చినా పద్ధతి మాత్రం ఇదే.

చెంచాలకు ఇలా కుదరదు. ఒక్క చెంచా నీళ్ళు తూచబోతే కాటా 4 అంటుంది, మరోసారి 6 అంటుంది. పది చెంచాల నీళ్ళు ఒక గిన్నెలో పోసి తూచి, పదితో భాగించండి. కొలత చెంచాల సెట్టులో టీ చెంచా 5 మి.లీ., పెద్ద చెంచా 15 మి.లీ. ఉంటాయి. మనం పోపుల పెట్టెలో వేసుకునే బుల్లి చెంచాకు ఈ కట్టుబాటు లేదు. మా పోపుల పెట్టె చెంచా 3 మి.లీ. దగ్గర తేలింది. "చెంచాడు కారం" అని చదివి ఆ చెంచాతో వేస్తూ కూర చప్పగా ఉందేమిటని ఏళ్ళ తరబడి ఆశ్చర్యపోయాం.

రెండో మెట్టు: 100 మి.లీ.కి ఎన్ని గ్రాములు?

ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. "కప్పు పంచదార ఇన్ని గ్రాములు" అని బట్టీ పడతారు, కప్పు మారగానే ఆ సంఖ్య పనికిరాకుండా పోతుంది. దానికి బదులు ప్రతి సరుకుకూ 100 మి.లీ. బరువు తెలుసుకోండి. ఆ సంఖ్య ఏ గ్లాసుకైనా, ఏ కప్పుకైనా, ఏ దేశానికైనా పనికొస్తుంది.

తీసే విధానం: గ్లాసు కాటా మీద పెట్టి సున్నా చేయండి. సరుకు నింపి, పైన కుప్పగా ఉన్నదాన్ని చాకు వీపుతో అంచుకు సమంగా గీసేయండి. వచ్చిన బరువును గ్లాసు పరిమాణంతో భాగించి 100తో హెచ్చవేయండి. మా గ్లాసులో పంచదార 170 గ్రాములు తూగింది. 170ని 200తో భాగించి 100తో హెచ్చిస్తే 85. పంచదార సంఖ్య 85.

మీరు తూచేలోపు పని జరగడానికి సుమారు సంఖ్యలు ఇస్తున్నాను. అన్నీ 100 మి.లీ.కి గ్రాముల్లో:

నీళ్ళు 100, పాలు 103
నూనె, కరిగిన నెయ్యి 91
తేనె 140
పంచదార 85
మెత్తటి ఉప్పు 120
బియ్యం, కందిపప్పు, పెసరపప్పు, మినపగుళ్ళు 80 నుంచి 85
ఇడ్లీ రవ్వ 70 నుంచి 75
బొంబాయి రవ్వ 70
బియ్యప్పిండి 55 నుంచి 65
గోధుమపిండి, మైదా 50 నుంచి 55
శనగపిండి, కారం, ఆవపిండి 40 నుంచి 50

కింది వరసల్లో ఒక్క సంఖ్య కాకుండా రెండేసి ఎందుకు ఉన్నాయో వచ్చే మెట్టులో చెబుతాను. ఈ పట్టికను ఒక్క చూపు చూస్తే తెలిసేది ఒకటుంది: గింజలన్నీ ఇంచుమించు ఒకచోట ఉన్నాయి, రవ్వలు ఒక మెట్టు కింద, పిండ్లు ఇంకా కింద. పొడి సరుకుల్లో ఉప్పు ఒక్కటే అందరినీ దాటి పైన కూర్చుంది. ఆవకాయ కథలో విలన్ అదే.

మార్చడం ఇప్పుడు రెండు లెక్కల పని. కొలత తెలిసి తూకం కావాలంటే: మి.లీ.లను సంఖ్యతో హెచ్చించి 100తో భాగించండి. తూకం తెలిసి కొలత కావాలంటే: గ్రాములను 100తో హెచ్చించి సంఖ్యతో భాగించండి. కిలో బియ్యం ఎన్ని గ్లాసులు? 1000ని 100తో హెచ్చించి 83తో భాగిస్తే దాదాపు 1205 మి.లీ. మా గ్లాసుతో ఆరు గ్లాసులు. ఒకటికి రెండు నీళ్ళు అంటే పన్నెండు గ్లాసులు, అంటే 2.4 లీటర్లు. కిలో బియ్యానికి రెండు లీటర్లు చాలనుకుని ఎసరు పెట్టినవాళ్ళు అన్నం పలుకుగా ఎందుకు ఉందో ఇప్పుడు చూసుకోవచ్చు. "ఒకటికి రెండు" అన్నది కొలతలో చెప్పిన మాట, తూకంలో కాదు.

మూడో మెట్టు: ఎలా నింపుతున్నారు?

నీళ్ళను ఎలా పోసినా గ్లాసు గ్లాసే. పిండి అలా కాదు. డబ్బాలో గ్లాసు గుచ్చి పైకి తీస్తే ఒక బరువు, చెంచాతో వదులుగా వేసి పైన గీస్తే ఒక బరువు, నింపి గట్టు మీద రెండుసార్లు కొడితే మరో బరువు. గోధుమపిండి గ్లాసుకు 100 గ్రాములు వచ్చే చోట అదిమితే 130 దాకా వెళుతుంది. జల్లించిన శనగపిండి మరీ తేలిక. అందుకే పైన పిండ్లకు రెండేసి సంఖ్యలు ఇచ్చాను.

ఒక పద్ధతి ఎంచుకుని దానికే కట్టుబడండి. నేనైతే డబ్బాలోనే పిండిని చెంచాతో ఒకసారి కదిపి, చెంచాతో గ్లాసులో వేసి, అదమకుండా, కొట్టకుండా చాకుతో గీస్తాను. కేకుల వంటల్లో చెప్పేదీ ఇదే. చపాతీ పిండికి ఇంత నియమం అవసరం లేదు, చేతికి తగిలేదాన్ని బట్టి నీళ్ళు పోస్తాం కాబట్టి. కేకులో మాత్రం పిండి మూడో వంతు ఎక్కువ పడితే దాన్ని కోయడానికి కత్తి కాదు, రంపం కావాలి.

సందులు ఉండే సరుకుల విషయమూ ఇంతే. మామిడి ముక్కలు, బెల్లం ముక్కలు, అటుకులు, జీడిపప్పు, తురుము ఇవన్నీ ఎంత పెద్దగా తరిగారన్నదాన్ని బట్టి గ్లాసులో ఎక్కువ తక్కువలు పడతాయి. వీటికి సంఖ్య తీయడం కూడా మానేశాను. బెల్లం ఎప్పుడూ తూకమే. వదులుగా పోసిన తురుముకూ అదిమిన తురుముకూ మధ్య తేడా పాకం ముదిరేంత ఉంటుంది.

నెయ్యి కరిగించి కొలవండి. పేరుకున్న నెయ్యిని గరిటెతో తీస్తే మధ్యలో గాలి ఖాళీలు ఉంటాయి, పైన కుప్ప ఉంటుంది, లెక్క దేవుడెరుగు. పేరుకున్నదే వేయాల్సి వస్తే తూచడమే మేలు.

ఇంకో సంగతి. నానబెట్టక ముందు తూచాలా, తరవాతా? ఎప్పుడూ ముందే. మినపగుళ్ళు నానితే బరువు దాదాపు రెట్టింపు అవుతుంది. ఎవరైనా పావుకిలో మినపగుళ్ళు అంటే పొడి పప్పు అనే అర్థం చేసుకోండి.

నాలుగో మెట్టు: నిష్పత్తి ఉచ్చు

ఇడ్లీకి ఒకటికి రెండు. గ్లాసు మినపగుళ్ళకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. అమ్మ చెప్పింది, అత్తగారూ చెప్పారు, ఇందులో వివాదం లేదు. ఇంట్లో శుభకార్యం వచ్చి ఎక్కువ పిండి కావాల్సి వస్తుంది. గ్లాసులతో కొలుస్తూ కూర్చోవడం ఎందుకని అర కిలో గుళ్ళు, కిలో రవ్వ తెస్తారు. ఒకటికి రెండే కదా! ఇడ్లీలు మాత్రం రోజూ వచ్చినంత మెత్తగా రావు.

లెక్క చూడండి. గ్లాసు గుళ్ళు 166 గ్రాములు. రెండు గ్లాసుల రవ్వ 288 గ్రాములు. తూకంలో అది ఒకటికి రెండు కాదు, ఒకటికి 1.7 మాత్రమే. అర కిలో గుళ్ళకు రవ్వ 870 గ్రాములు చాలు. కిలో వేస్తే 130 గ్రాములు ఎక్కువ పడుతోంది, కొలతలో దాదాపు ఒక గ్లాసు రవ్వ. నెపం రవ్వ నాణ్యత మీదికో, చలి మీదికో, రుబ్బిన మనిషి మీదికో పోతుంది.

రవ్వకు బదులు బియ్యం వేసే దోసెల పిండికి ఈ బాధ లేదు. బియ్యం, మినపగుళ్ళు రెండింటి సంఖ్యా దగ్గర దగ్గరగా ఉంది కాబట్టి ఒకటికి మూడు అనేది గ్లాసుల్లోనూ అంతే, కిలోల్లోనూ అంతే. తేడా చూపించేది రెండు సరుకుల సంఖ్యల మధ్య దూరం. దూరం ఎంత ఎక్కువైతే ఉచ్చు అంత పెద్దది.

మైసూర్‌పాక్‌లో అది మరీ పెద్దది. గ్లాసు శనగపిండి, రెండు గ్లాసుల పంచదార, రెండు గ్లాసుల నెయ్యి అని చాలా ఇళ్ళలో చెప్పే లెక్క. జల్లించిన శనగపిండి గ్లాసుకు 90 గ్రాములు. రెండు గ్లాసుల పంచదార 340 గ్రాములు. రెండు గ్లాసుల నెయ్యి 364 గ్రాములు. అంటే తూకంలో పిండికి పంచదార, నెయ్యి దాదాపు నాలుగింతలు చొప్పున! ఇది తెలియక 100 గ్రాముల పిండికి 200 గ్రాముల పంచదార, 200 గ్రాముల నెయ్యి వేస్తే వచ్చేది పిండి ముద్ద. డాక్టరుగారి మాటకు అది కొంత అనుకూలమే అనుకోండి, మైసూర్‌పాక్ మాత్రం కాదు.

కాబట్టి నిష్పత్తి ఎక్కడ విన్నా మొదట అడగాల్సింది: కొలతలోనా, తూకంలోనా? చెప్పినవాళ్ళు గ్లాసు, గిన్నె, సోల అన్నారంటే కొలత. పావు, అర, కిలో అన్నారంటే తూకం. "ఒక వంతు, రెండు వంతులు" అన్నారంటే వాళ్ళు చేసేటప్పుడు చేతిలో ఏముందో గుర్తు తెచ్చుకోమనండి.

కాటా లేకపోతే

పని ఆగదు. దుకాణంవారు తూచి కట్టిన ప్యాకెట్టే మీ తూకపు రాయి. అర కిలో రవ్వ ప్యాకెట్ విప్పినప్పుడు డబ్బాలో గుమ్మరించేయకుండా గ్లాసుతో కొలుస్తూ పోయండి. మూడున్నర గ్లాసులు వచ్చిందనుకోండి, 500ని మూడున్నరతో భాగిస్తే గ్లాసు 143 గ్రాములు. ఒక నెల సరుకులు డబ్బాల్లో సర్దుకునేలోపు ఇంటి పట్టిక మొత్తం తయారైపోతుంది. గ్లాసు పరిమాణం తెలియడానికి లీటరు నీళ్ళ సీసా ఉంది: నింపిన సీసాతో ఎన్ని గ్లాసులు నిండాయో చూడండి, ఐదు నిండితే 200.

కాటా ఉన్నవాళ్ళు కూడా నెలకోసారి ఇలాంటి పరీక్ష పెట్టడం మంచిది. కొలత పాత్రతో అర లీటరు నీళ్ళు పోస్తే 500 దగ్గర చూపించాలి. బ్యాటరీ నీరసించినప్పుడు కాటా సంఖ్యలు తడబడతాయి. ఇంకో చిరాకు ఏమిటంటే, కొన్ని కాటాలు సరుకు మెల్లగా చల్లుతుంటే ఆ బరువును పట్టించుకోవు, లేదా మధ్యలో నిద్రపోతాయి. మళ్ళీ మీట నొక్కితే సున్నా నుంచి మొదలు. అందుకే ఖాళీ గిన్నె బరువు ముందే ఒక కాగితం మీద రాసుకుంటాను.

చిటికెళ్ళు, చెంచాలు

5 గ్రాముల లోపు వాటిని గ్రాము కాటా మీద తూచకండి. వంటసోడా, ఈస్టు, పసుపు, ఇంగువ ఇవన్నీ చెంచాతోనే నయం. టీ చెంచా వంటసోడా 5 గ్రాముల దగ్గర, మెత్తటి ఉప్పు 6, పసుపు 3, జీలకర్ర 2, మెంతులు దాదాపు 4. కేకుల వంటల్లో ఈస్టు 7 గ్రాముల పొట్లం అంటే రెండుంపావు టీ చెంచాలు. చిటికెడు చిటికెడే, దాన్ని గ్రాముల్లోకి మార్చబోయేవాళ్ళకు ఓ నమస్కారం.

సోలలు, తవ్వలు, వీశలు

నాయనమ్మల నాటి లెక్కలు కొలత వైపు ఇలా ఉంటాయి: నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. తూకం వైపు: మూడు తులాలు పలం, నలభై పలాలు వీశ, ఎనిమిది వీశలు మణుగు. తులం 11.66 గ్రాములు కాబట్టి వీశ సుమారు 1.4 కిలోలు. దేశంలో మెట్రిక్ తూనికల కోసం 1956లో చట్టం వచ్చింది, ఆ తరవాత కొట్లలోంచి ఇవి క్రమంగా తప్పుకున్నాయి, మాటల్లోంచి మాత్రం పోలేదు.

తూకం మార్చడం తేలిక, కానీ "సేరు" అంటే ఆగండి. 80 తులాల సేరు ఉంది, 24 తులాల సేరు ఉంది. మొదటిది 930 గ్రాముల పైమాట, రెండోది 280 గ్రాములు. కొన్ని చోట్ల సేరు కొలత పాత్ర పేరు కూడా. ఎవరి ఊరి సేరో తేలకుండా లెక్క వేస్తే వంట మూడింతలు తేడాగా వస్తుంది.

కొలతల్లో వరస అంతటా ఒకటే అనిపించినా పాత్ర మాత్రం ఊరికో తీరు. పుస్తకంలో చూసి మార్చకండి. పాత్ర ఇంట్లో ఉంటే అదే సాక్ష్యం. మా అటక మీద ఒక ఇత్తడి సోల దొరికింది, అంచు ఒక పక్క సొట్ట పోయి, అడుగున మా తాతగారి పేరులోని మొదటి అక్షరం పొడిపించి ఉంది. చింతపండుతో తోమి, కాటా మీద పెట్టి నీళ్ళు పోస్తే 290 గ్రాములు. నాయనమ్మ సున్నుండల లెక్క "సోలెడు మినుములు" అన్నది అప్పటికి గానీ విడిపోలేదు: 290ని 83తో హెచ్చించి 100తో భాగిస్తే 240 గ్రాములు. అంతకుముందు అందరం పావుకిలో వేసి బాగానే తింటున్నాం, అది వేరే సంగతి.

కప్పు అంటే ఏ కప్పు?

విదేశీ వంటల్లో కప్పు అంటే అమెరికాలో 237 మి.లీ., ఆస్ట్రేలియాలో 250. ఇక్కడ దొరికే ప్లాస్టిక్ కప్పుల సెట్లు కొన్ని 240, కొన్ని 250. పిడి మీద రాసి ఉంటుంది, నీళ్ళతో ఒకసారి సరి చూసుకోండి. పెద్ద చెంచా దాదాపు అంతటా 15 మి.లీ. అయితే ఆస్ట్రేలియాలో 20. అమెరికా వంటలో వెన్న "ఒక స్టిక్" అంటే 113 గ్రాములు, అర కప్పు.

ఔన్సు దగ్గర జాగ్రత్త. ద్రవాల ఔన్సు కొలత, దాదాపు 30 మి.లీ. మామూలు ఔన్సు తూకం, 28 గ్రాముల పైచిలుకు. ఎనిమిది ద్రవ ఔన్సులు ఒక కప్పు. దాన్ని పట్టుకుని "ఎనిమిది ఔన్సుల మైదా" అంటే కప్పు అనుకుంటే కొంప మునుగుతుంది. అది 227 గ్రాముల మైదా, దాదాపు రెండు కప్పులు.

ఎలక్ట్రిక్ కుక్కర్‌తో వచ్చే కప్పు ఈ కప్పుల్లో ఏదీ కాదు. అది 180 మి.లీ., జపాన్‌లో బియ్యం కొలిచే గో అనే పాత కొలత. 150 గ్రాముల బియ్యం పడుతుంది. కుక్కర్ గిన్నె లోపల 1, 2, 3 అని గీతలుంటాయే, అవి ఆ కప్పుకు తగినట్టు గీసినవి. ఆ కప్పు పోగొట్టుకుని 240 మి.లీ. కప్పుతో రెండు కప్పుల బియ్యం పోసి రెండో గీత దాకా నీళ్ళు పోస్తే బియ్యం మూడో వంతు ఎక్కువై అన్నం ఉడకదు. కప్పు పోతే 150 గ్రాముల చొప్పున తూచుకోండి, గీతలు మళ్ళీ పనికొస్తాయి.

మొదటి నుంచి చివరి దాకా ఒక లెక్క: ఆవకాయ

చెల్లెలు మూడేళ్ళ కిందట ఫోను చేసి అమ్మను ఆవకాయ లెక్క అడిగింది. అమ్మ ఎప్పటిలాగే చెప్పింది: "నాలుగు గ్లాసుల ముక్కలకు గ్లాసు కారం, గ్లాసు ఆవపిండి, ముప్పావు గ్లాసు ఉప్పు, గ్లాసున్నర నూనె." అక్కడ దానికి మన గ్లాసు లేదు, కాటా ఉంది. ముక్కలు కిలో ఉన్నాయి కాబట్టి నాలుగో వంతు చొప్పున కారం, ఆవపిండి పావుకిలో, ఉప్పు అందులో ముప్పావు అంటే 190 గ్రాములు వేసింది. ఎర్రగా కంటికి బ్రహ్మాండంగా ఉంది. రెండో నెలకే బూజు పట్టింది.

"ఉప్పు తక్కువైంది తల్లీ" అంది అమ్మ, ఫోటో చూసి. "ముప్పావే కదమ్మా నువ్వు చెప్పింది!" అంది ఇది. ఇద్దరిదీ నిజమే.

మరుసటి వేసవిలో అమ్మ ఆవకాయ కలుపుతుంటే నేను కాటా పట్టుకుని పక్కన కూర్చున్నాను. గ్లాసు నింపడం అమ్మ పని, తూచడం నా పని. నాలుగు గ్లాసుల ముక్కలు, టెంకతో సహా, 480 గ్రాములు. గ్లాసు కారం 95. గ్లాసు ఆవపిండి, అప్పుడే కొట్టి జల్లించింది, 90. ముప్పావు గ్లాసు ఉప్పు, రాళ్ళ ఉప్పును ఎండబెట్టి దంచింది, 160. గ్లాసున్నర పప్పునూనె 273. కాటా మీద ఉప్పు సంఖ్య చూసి అమ్మే నమ్మలేదు, మళ్ళీ తూయమంది. గ్లాసులో కారంకంటే తక్కువగా కనిపించిన ఉప్పు, తూకంలో కారంకంటే ఒకటిన్నర రెట్లు దాటిపోయింది.

కిలో ముక్కలకు సర్దాలంటే 1000ని 480తో భాగించాలి, 2.08 వస్తుంది. అన్నింటినీ దాంతో హెచ్చిస్తే కారం 200 గ్రాములు, ఆవపిండి 190, ఉప్పు 335, నూనె 570 గ్రాములు అంటే 625 మి.లీ. చెల్లెలు వేసిన 190 గ్రాముల ఉప్పు కావాల్సినదాంట్లో సగానికి కొంచెం పైన. నూనె ఎంత పోస్తే ఏం లాభం!

ఇందులో ఒక సౌకర్యం ఉంది. చెల్లెలి దగ్గర ఉన్నది రాళ్ళ ఉప్పు కాదు, మెత్తటి ఉప్పే. గ్లాసుతో కొలిస్తే ముప్పావు గ్లాసుకు 160 కాదు, 180 పడుతుంది. కిలో ముక్కల లెక్కలో 40 గ్రాములు ఎక్కువై నోట పెట్టుకోలేం. తూచితే ఆ బెడద ఉండదు. 335 గ్రాముల ఉప్పు రాయిగా ఉన్నా పొడిగా ఉన్నా 335 గ్రాముల ఉప్పే.

ఈ సంఖ్యలు మా అమ్మ చేతివి. మీ అమ్మ గ్లాసు నిండా ఉప్పు వేయవచ్చు, ఆవపిండి తగ్గించవచ్చు. ఈసారి కలిపేటప్పుడు పక్కన కాటా పెట్టుకుని, ఆమె గ్లాసు నింపే తీరును మార్చకుండా, ఒక్కొక్కటి గిన్నెలో పడే ముందు తూచి కాగితం మీద రాయండి. ఆ కాగితాన్ని మడిచి ఆవపిండి డబ్బాలో పెట్టండి. మూడో రోజు జాడీ విప్పి తిరగగలిపి రుచి చూస్తారు కదా, అప్పుడు ఉప్పు చాలక ఇంకొంచెం వేస్తే ఆ గ్రాములు కూడా అందులోనే కలిపి రాయండి.